లేత మొక్కను బతికించి చెట్టుగా నిలబెట్టడం: మొదటి మూడేళ్ళకు సమగ్ర మార్గదర్శి

మొక్క నాటడం కొన్ని నిమిషాల పని. దానికి ఎవరి అండా అక్కరలేని స్థితి రావడానికి మాత్రం సాధారణంగా రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ కాలానికి కావలసిన నీరు, మనుషులు, సామగ్రి ముందే లెక్క చూసుకోకుండా నాటడం వల్ల ఎన్నో మొక్కలు మొదటి వేసవి దాటకుండానే ఎండిపోతున్నాయి. అలా పోయిన మొక్కను చూసినప్పుడు నేరమంతా ఎండదేనని అనిపిస్తుంది. కానీ దాన్ని జాగ్రత్తగా తవ్వి తీస్తే, వేళ్ళు నర్సరీ సంచి ఆకారంలోనే ముడుచుకుని ఉండిపోయాయనో, చుట్టూ అల్లుకున్న గడ్డివేళ్ళు ఉన్న కాస్త తేమను ముందే పీల్చేశాయనో, నేలకు ఆనుకున్న చోట బెరడును ఏదో జంతువు చుట్టూతా కొరికేసిందనో తెలుస్తుంది. అందువల్ల రక్షణ అనగానే కంచె ఒక్కటే గుర్తుకు రావడం సరికాదు. వేరు బాగుండాలి, దాని చుట్టూ పోటీ ఉండకూడదు, పోసిన నీరు అది ఉన్నచోటికే చేరాలి. ఈ మూడూ కుదిరిన తరువాతే కంచెకైనా, మొక్కను కప్పే గొట్టానికైనా, నీడకైనా ప్రయోజనం ఉంటుంది. ఈ మార్గదర్శిలోని దశలను ఆ వరుసలోనే పెట్టాను.

మొదటి దశ: గట్టి మొక్కను ఎంచుకోవడం, ఎండకు అలవాటు చేయడం

నర్సరీలో పొడవుగా ఎదిగిన మొక్క కంటికి ఇంపుగా కనిపిస్తుంది. అయితే నాటిన తరువాత బతికే అవకాశాన్ని ఎత్తు కన్నా కాండం మొదలు లావే బాగా సూచిస్తుంది. నర్సరీ నిపుణులు మొక్క ఎత్తును సెంటీమీటర్లలోనూ, నేలకు ఆనుకున్న చోట కాండం మందాన్ని మిల్లీమీటర్లలోనూ కొలిచి, మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తారు. వచ్చే ఫలితం 6 కంటే తక్కువగా ఉంటే మొక్కను దృఢమైనదిగా పరిగణిస్తారు. 40 సెం.మీ. ఎత్తు, 8 మి.మీ. మందం ఉన్న మొక్కకు 5 వస్తుంది. 60 సెం.మీ. ఎత్తు ఉండి 5 మి.మీ. మందమే ఉన్న మొక్కకు 12 వస్తుంది. రెండోది చూపులకు పెద్దదైనా, దాని ఆకులు ఆవిరి చేసే నీటిని దాని వేళ్ళు అందించలేవు. గాలి కూడా దాన్ని సులువుగా వంచేస్తుంది. ఎంచుకునే వీలు ఉన్నప్పుడు పొట్టిగా, లావుగా ఉన్న మొక్కనే తీసుకోవాలి.

కాండం చూసిన తరువాత తప్పకుండా వేళ్ళు చూడాలి. పాలిథిన్ సంచిలో ఎక్కువ కాలం ఉండిపోయిన మొక్క తల్లివేరు అడుగున తగిలి మెలితిరుగుతుంది, పక్కవేళ్ళు సంచి గోడ వెంట గుండ్రంగా చుట్టుకుంటాయి. ఈ చుట్టలు నేలలో పెట్టాక వాటంతట అవి విడిపోవు. కొన్నేళ్ళకు అవే లావై కాండాన్ని బిగించి, ఏపుగా ఎదిగిన చెట్టును కూడా గాలికి పడిపోయేలా చేయగలవు. కాబట్టి నాటే ముందు అడుగున మెలితిరిగిన భాగాన్ని పదునైన కత్తితో కోసివేయాలి, పక్కల చుట్టుకున్న వేళ్ళను నిలువుగా రెండు మూడు చోట్ల గీసి తెంచాలి. తెగిన చోటి నుంచి కొత్త వేళ్ళు బయటి వైపుకు సాగుతాయి. వేళ్ళు మరీ ముద్దగా అల్లుకుపోయిన మొక్కను తీసుకోకపోవడమే మంచిది.

నీడలో, రోజూ నీరు తాగుతూ పెరిగిన మొక్కను ఒక్కసారిగా బయటి ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి. నాటడానికి మూడు నాలుగు వారాల ముందు నుంచి నీడను క్రమంగా తగ్గిస్తూ, నీటి తడుల మధ్య విరామం పెంచుతూ రావాలి. తరలించేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పైకప్పు లేని బండిలో గంటసేపు ఎదురుగాలి తగిలినా లేత ఆకులు నీరసించిపోతాయి. మట్టి లేకుండా వేళ్ళతో మాత్రమే తీసిన మొక్కల విషయంలో ప్రమాదం మరీ ఎక్కువ. పీచువేళ్ళు ఎండలో కొద్ది నిమిషాల్లోనే ఆరిపోయి చచ్చిపోతాయి కాబట్టి, గుంతలో దించే క్షణం వరకు వాటిని తడి గోనెపట్టాలో చుట్టి ఉంచాలి.

రెండో దశ: నాటడం

నేల లోతు వరకు తడిసి, ముందు ఇంకా తడి ఉండే కాలం మిగిలి ఉన్నప్పుడు నాటాలి. వర్షాకాలం ఉన్న ప్రాంతాల్లో మొదటి జల్లు పడగానే తొందరపడకూడదు. పైన తడిసి లోపల వేడిగా, పొడిగా ఉన్న నేలలో మొక్క రెండు మూడు రోజుల ఎండకే వాడిపోతుంది. నాలుగు వానలు పడి గుంత అడుగున కూడా తేమ చేతికి తగిలినప్పుడు మొదలుపెట్టాలి. చలి ప్రాంతాల్లో ఆకులు రాల్చే జాతులను అవి నిద్రావస్థలో ఉన్నప్పుడే, అంటే ఆకులు రాలిన తరువాత, కొత్త మొగ్గలు విచ్చుకోకముందు, నేల గడ్డకట్టి లేని రోజుల్లో నాటుతారు.

గుంత వెడల్పు మొక్కతో వచ్చే మట్టిముద్దకు రెండు మూడింతలు ఉండాలి. లోతు మాత్రం మట్టిముద్ద ఎత్తును మించనక్కరలేదు, ఎందుకంటే అడుగున వదులుగా నింపిన మట్టి కుంగినప్పుడు మొక్క కూడా కుంగుతుంది. బంకమట్టి నేలలో పారతో తవ్విన గుంత గోడలు నున్నగా గట్టిపడతాయి కాబట్టి వాటిని గునపంతో గీకి గరుకుగా చేయాలి. ఆ తరువాత అన్నిటి కన్నా ముఖ్యమైన కొలత చూసుకోవాలి: కాండం ముగిసి వేళ్ళు మొదలయ్యే చోటు సరిగ్గా నేలమట్టంలో ఉండాలి. నర్సరీలోనే ఆ చోటు మట్టితో కప్పబడి ఉండవచ్చు. అలా ఉంటే పైమట్టిని వేలితో తొలగించి, వేళ్ళు విచ్చుకునే చోటును కనిపెట్టి, దాని ప్రకారమే మొక్కను దించాలి. లోతుగా పాతితే మొక్క గట్టిగా నిలబడుతుందనే నమ్మకం చాలామందిలో ఉంది. మట్టిలో కూరుకుపోయిన బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్ళుతుంది, వేళ్ళకు గాలి అందడం తగ్గుతుంది, ఆ నష్టం రెండు మూడేళ్ళ తరువాత గాని బయటపడదు.

సంచిని పూర్తిగా తీసివేయాలి. అడుగున చిల్లులు పెట్టి సంచితో సహా పాతడం వేళ్ళను బంధించడమే అవుతుంది. మట్టి నింపేటప్పుడు చేతితో అదిమి గాలి ఖాళీలు లేకుండా చేయాలి, బరువంతా వేసి తొక్కకూడదు. పచ్చి పేడను గాని, రసాయనిక ఎరువును గాని గుంతలో వేయడం వల్ల లేత వేళ్ళు మాడే ప్రమాదం ఉంది. మొదటి ఏడాది మొక్కకు ఎరువు కన్నా నీరు, కలుపు లేని నేల ఎక్కువ మేలు చేస్తాయి.

చోటు ఎంపికలో స్వేచ్ఛ ఉంటే, ఇప్పటికే ఉన్న పొదల అండను వాడుకోవడం మంచి పద్ధతి. స్పెయిన్‌లోని సియెర్రా నెవాడా పర్వతాల్లో జరిగిన పరిశోధనల్లో, బయలు నేలలో నాటిన మొక్కల కన్నా పొదల నీడన నాటినవి వేసవి ఎండను మెరుగ్గా తట్టుకున్నట్టు తేలింది. ముళ్ళపొద అయితే నీడతో పాటు పశువుల నుంచి రక్షణ కూడా ఉచితంగా దొరుకుతుంది. నాటే ముందు స్థలాన్ని పూర్తిగా చదును చేసి పొదలన్నీ కొట్టేయడం చాలాచోట్ల అలవాటుగా సాగుతున్నది, కానీ ఎండ తీవ్రంగా ఉండే నేలల్లో అది మొక్కలకు అండ లేకుండా చేయడమేనని నా అభిప్రాయం. పొద దట్టంగా ఉండి నీటికి పోటీ పడేలా కనిపిస్తే, దాని నడుమన కాక అంచున, మధ్యాహ్నపు నీడ పడే వైపున నాటితే సరిపోతుంది.

మూడో దశ: గడ్డి పోటీని తొలగించడం

ఈ దశను ఎంత నొక్కి చెప్పినా తక్కువే. లేత మొక్క వేళ్ళు, గడ్డి వేళ్ళు మొదట్లో ఒకే పొరలో, అంటే పై 15 నుంచి 20 సెం.మీ. మట్టిలోనే ఉంటాయి. గడ్డి వేళ్ళు సన్నగా, దట్టంగా అల్లుకుని ఉంటాయి కాబట్టి కురిసిన వానలో, పోసిన నీటిలో పెద్ద వాటా వాటికే దక్కుతుంది. మొక్క చుట్టూ కనీసం 1 మీటరు వ్యాసం ఉన్న వలయాన్ని మొదటి రెండు మూడేళ్ళు కలుపు లేకుండా ఉంచడమే, నా దృష్టిలో, తక్కువ శ్రమతో ఎక్కువ మొక్కలను బతికించే పని.

ఇక్కడ తరచుగా ఒక అపోహ ఎదురవుతుంది. గడ్డిని కోసి పొట్టిగా ఉంచితే చాలని అనుకుంటారు. కోసిన గడ్డి వేళ్ళు నేలలోనే ఉంటాయి, అది వెంటనే కొత్త చిగుళ్ళు వేస్తూ నీటిని పీలుస్తూనే ఉంటుంది. చూపులకు శుభ్రంగా ఉన్నా పోటీ తగ్గదు. అంతేకాక గడ్డికోత యంత్రం తీగ ఒక్కసారి తగిలినా లేత బెరడు చీలిపోతుంది. ఆ గాయం కాండం చుట్టూ తిరిగిందంటే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకు దిగే దారి మూసుకుపోయి మొక్క చనిపోతుంది. అందువల్ల వలయంలోని గడ్డిని వేళ్ళతో సహా పెకలించాలి, యంత్రాన్ని వలయం దరిదాపులకు రానీయకూడదు. పెకలించేటప్పుడు లోతుగా తవ్వితే మొక్క వేళ్ళే తెగుతాయి; చిన్న పారతో పై 3, 4 సెం.మీ. మట్టిని గీరితే చాలు.

పెకలించిన వెంటనే నేలను కప్పాలి. చెక్క ముక్కలు, ఎండుటాకులు, ఎండుగడ్డి, ఊక వంటివి ఏవైనా 5 నుంచి 10 సెం.మీ. మందాన పరచవచ్చు. ఈ పొర కలుపు గింజలకు వెలుతురు అందకుండా చేస్తుంది, నేలలోని తేమ ఆవిరి కాకుండా కాపాడుతుంది, మట్టి వేడెక్కడాన్ని తగ్గిస్తుంది. చెక్కపొట్టు నేలలోని నత్రజనిని లాగేస్తుందని కొందరు భయపడతారు. మట్టిలో కలిపినప్పుడు ఆ నష్టం నిజమే. పైన పరిచినప్పుడు మాత్రం ఆ ప్రభావం మట్టి పై పొరకే పరిమితమవుతుంది, కింద ఉన్న వేళ్ళకు ఇబ్బంది ఉండదు. ఈ కప్పును కాండానికి ఆనించకుండా చుట్టూ 5 నుంచి 10 సెం.మీ. ఖాళీ వదలాలి. ఆనించి కుప్పగా పోస్తే బెరడు కుళ్ళుతుంది, ఎలుకలు అందులో గూడు చేసుకుని కాండాన్ని కొరుకుతాయి. పొర ఏడాదికి పలచబడుతుంది కాబట్టి ప్రతి ఏటా పైన మరికొంత వేయాలి.

నాలుగో దశ: నీటిని వేరు దగ్గరికి చేర్చడం

నాటిన మొదటి వారాల్లో మొక్క తనతో వచ్చిన మట్టిముద్దలోని నీటినే తాగుతుంది, ఎందుకంటే దాని వేళ్ళు ఇంకా బయటి మట్టిలోకి రాలేదు. నర్సరీ మిశ్రమం వదులుగా, కొబ్బరిపొట్టు వంటి తేలికైన పదార్థాలతో నిండి ఉండి, చుట్టూ ఉన్న మట్టి కన్నా వేగంగా ఆరిపోతుంది. చుట్టుపక్కల నేల తడిగా కనిపిస్తున్నా మట్టిముద్ద లోపల పొడిగా ఉండటం మామూలే. ఈ కాలంలో నీటిని మొక్క మొదట్లో, మట్టిముద్ద మీదే, నెమ్మదిగా పోయాలి. వాన లేనప్పుడు రెండు మూడు రోజులకు ఒకసారి అవసరం కావచ్చు. ఒకటి రెండు నెలల తరువాత వేళ్ళు బయటికి సాగుతాయి కాబట్టి, అప్పటి నుంచి నీటిని మొదలు నుంచి జరిపి పాదు అంచుల వైపు పోయాలి.

వేళ్ళు నీటి వెంట పోతాయి. రోజూ కాసిన్ని నీళ్ళు చల్లితే తడి పై పొరలోనే ఆగిపోయి, వేళ్ళు కూడా అక్కడే ఆగుతాయి. నీరు ఆపిన మొదటి వారమే మొక్క తల వాలుస్తుంది. వారానికి ఒకసారి లోతుగా, నేల 30 సెం.మీ. వరకు తడిసేలా పోస్తే వేళ్ళు తేమ కోసం కిందికి దిగుతాయి. మోకాలెత్తు మొక్కకు వేసవిలో వారానికి 10 లీటర్ల దాకా పోయడం ఒక ప్రారంభ కొలతగా పెట్టుకోవచ్చు. ఇసుక నేలలో ఆ నీటినే రెండు దఫాలుగా పంచాలి, బంకమట్టిలో విరామం పెంచాలి. ఏ కొలతా వేలికి సాటి రాదు: పోసే ముందు కప్పును పక్కకు తోసి 10 సెం.మీ. లోతున మట్టిని తాకి చూడాలి. అక్కడ చల్లగా, తడిగా ఉంటే ఆ రోజు నీరు అవసరం లేదు. వేళ్ళకు గాలి ఆడక కుళ్ళినప్పుడు కూడా ఆకులు వాడిపోతాయి కాబట్టి, వాడిన ఆకును చూసి మట్టిని తాకకుండానే మరిన్ని నీళ్ళు పోయడం చాలా మొక్కలను చంపుతుంది.

పాదు మొక్క చుట్టూ 50 నుంచి 60 సెం.మీ. వ్యాసంలో, 8 నుంచి 10 సెం.మీ. ఎత్తు గట్టుతో ఉండాలి. కాండం దగ్గర నేల కాస్త ఎత్తుగా, అంచుల వైపు పల్లంగా ఉంటే నీరు కాండం దగ్గర నిలవదు. వాలు నేలలో కింది వైపు మాత్రమే అర్ధచంద్రాకారంలో గట్టు వేస్తే, పై నుంచి పారే వాననీరంతా మొక్క దగ్గర ఆగుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో రైతులు గట్టిపడిన నేలల్లో జాయ్ అని పిలిచే చిన్న గుంతలు తవ్వి, వాటిలో పశువుల ఎరువు వేసి, అరుదుగా కురిసే వానను పట్టి పంటలతో పాటు చెట్లను కూడా పెంచుతున్నారు. నీరు తెచ్చి పోయడానికి వీలు లేని చోట నేల వాలును ఇలా మలచడమే ప్రధానమైన రక్షణ.

నీరు బాగా తక్కువ ఉన్నచోట కుండ పద్ధతి ఇప్పటికీ సాటిలేనిది. మెరుగు పూయని మట్టికుండను మొక్కకు 20, 30 సెం.మీ. దూరంలో మూతి పైకి ఉండేలా పాతి, నీరు నింపి మూత పెడితే, చుట్టూ మట్టి ఆరుతున్న కొద్దీ కుండ గోడల గుండా నీరు ఊరుతుంది. మట్టి తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. చైనాలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి వ్యవసాయ రచనలోనే ఈ విధానం వర్ణించబడింది. వారానికి ఒకసారి మాత్రమే వెళ్ళగలిగే స్థలాల్లో ఇది మొక్కను నిలబెడుతుంది.

ఐదో దశ: ఏ జంతువు తింటున్నదో తెలుసుకుని అడ్డుకట్ట వేయడం

ఏ జంతువుకో తెలియకుండా కట్టిన కంచె తరచుగా వృథా అవుతుంది. మొదట తెగిన కొమ్మను పరిశీలించాలి. కుందేళ్ళకు పైనా కిందా పదునైన కొరుకుడు పళ్ళు ఉంటాయి కాబట్టి అవి తెంచిన చోటు కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. జింకలు, మేకలు, గొర్రెలు, పశువుల పై దవడ ముందు భాగంలో కొరుకుడు పళ్ళు ఉండవు. అవి కొమ్మను పట్టి లాగి తెంపుతాయి, అందుకే అంచు చిరిగినట్టు పీచుపీచుగా కనిపిస్తుంది. నేలకు ఆనుకున్న చోట బెరడు మీద 1, 2 మి.మీ. వెడల్పున అడ్డదిడ్డంగా గీతలు ఉంటే అది ఎలుకల జాతి పని. తెగిన ఎత్తు కూడా సాక్ష్యమే: కుందేలు మోకాలెత్తు దాటి అందుకోలేదు, మేక వెనక కాళ్ళ మీద నిలబడి మనిషి ఎత్తు దాకా అందుకుంటుంది.

ఎలుకలకు 6 మి.మీ. మించని కన్నులున్న ఇనుప జాలీని కాండం చుట్టూ గొట్టంలా పెట్టి, అడుగు భాగాన్ని 5 నుంచి 8 సెం.మీ. మట్టిలో పాతాలి. కాండానికీ జాలీకీ మధ్య ఎదుగుదలకు చాలినంత ఖాళీ ఉండాలి. కుందేళ్ళకు 30 మి.మీ. కన్నుల జాలీ, 60 నుంచి 90 సెం.మీ. ఎత్తు సరిపోతుంది, స్థలమంతటికీ కంచె వేసేటప్పుడు జాలీ అడుగును 15 సెం.మీ. మేర బయటి వైపుకు మడిచి మట్టి కప్పితే అవి తవ్వి లోపలికి రాలేవు. చిన్న జింకలకు 1.2 మీటర్లు, పెద్ద జింకలకు 1.5 నుంచి 1.8 మీటర్ల ఎత్తు కావాలి. పశువుల విషయంలో ఎత్తు కన్నా గట్టిదనం ముఖ్యం, ఎందుకంటే అవి తినడమే కాక ఒళ్ళు రుద్దుకుని కంచెను కూలదోస్తాయి. మొక్క చుట్టూ మూడు నాలుగు లావైన గుంజలు లోతుగా పాతి, అడ్డకర్రలు గట్టిగా కట్టి, ముళ్ళకంప చుట్టాలి.

ఒక్కో మొక్కకు విడిగా రక్షణ పెట్టాలా, మొత్తం స్థలానికి కంచె వేయాలా అనే ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. చదరంగా ఉన్న 1 హెక్టారుకు 400 మీటర్ల కంచె పడుతుంది. 4 హెక్టార్లకు 1,600 మీటర్లు కాదు, 800 మీటర్లే పడుతుంది. స్థలం పెద్దదై, మొక్కలు దగ్గరగా ఉన్న కొద్దీ కంచె చవక అవుతుంది. మొక్కలు కొన్నే ఉండి దూరదూరంగా ఉంటే విడి రక్షణ మేలు. పొడవాటి సన్నని పట్టీలాంటి స్థలంలో చుట్టుకొలత ఎక్కువ కాబట్టి అక్కడ కంచె గిట్టదు. అయితే కంచె ఒక్కచోట తెగినా లోపలి మొక్కలన్నీ పోవచ్చు. విడి రక్షణలో ఒకటి పడిపోతే పోయేది ఒక్క మొక్కే. వారం వారం కంచె వెంట నడిచే మనిషి లేనప్పుడు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.

మొక్కను కప్పే ప్లాస్టిక్ గొట్టాలను 1979లో బ్రిటన్ అటవీ పరిశోధకుడు గ్రాహం టులీ మొదట ప్రయోగించాడు. వెలుతురు కొంత చొరబడే ఈ గొట్టం లోపల గాలి తేమగా, వెచ్చగా ఉండి వెడల్పాకు జాతులు వేగంగా ఎత్తు పెరుగుతాయి, జంతువుల నోటికి అందకుండా ఉంటాయి. ఎండ మండే ప్రాంతాల్లో మాత్రం గాలి రంధ్రాలు లేని గొట్టం లోపల వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అలాంటి చోట రంధ్రాలున్నవి గాని, జాలీ గొట్టాలు గాని వాడాలి. పైన్ వంటి సూదాకు జాతులకు కూడా సాధారణంగా జాలీయే నప్పుతుంది. గొట్టం అడుగు మట్టిలో కొంచెం దిగి ఉండాలి, పక్కన పాతిన కర్ర గొట్టం పైఅంచుకు కాస్త కిందనే ముగియాలి. కర్ర పైకి పొడుచుకు వస్తే బయటికి వచ్చిన కాండం గాలికి దానికి రాసుకుని గాయపడుతుంది. లోపల గడ్డి మొలిచి మొక్కను కప్పేయడం చాలా మామూలు, కాబట్టి గొట్టం పెట్టామని నిశ్చింతగా ఉండక పై నుంచి తొంగి చూస్తూ ఉండాలి.

కుళ్ళిన గుడ్డు వాసన వంటివి వెదజల్లే వికర్షక ద్రావణాలు కొద్ది వారాలు పనిచేస్తాయి. వాన పడితే, కొత్త చిగురు వస్తే మళ్ళీ చల్లాలి. ఆకలి తీవ్రంగా ఉన్న కాలంలో జంతువులు ఆ వాసనను లెక్కచేయవు, అందుకని వాటిని తాత్కాలిక సాయంగానే చూడాలి.

ఆరో దశ: గాలి, ఎండ, చలి

ప్రతి మొక్కకూ ఊతకర్ర కట్టడం అవసరం లేదు. గాలికి ఊగే కాండం లావెక్కుతుంది, వేళ్ళు బలపడతాయి. స్పర్శకు, కదలికకు మొక్క ఎదుగుదల ఇలా మారడాన్ని 1973లో వృక్షశాస్త్రజ్ఞుడు మార్క్ జాఫీ వివరంగా పరిశోధించి దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. బిగించి కట్టిన మొక్క పొడవు పెరుగుతుంది గాని, కర్ర తీసిన రోజున వంగిపోతుంది. తనంతట నిలబడలేని మొక్కకే ఊతం ఇవ్వాలి, అదీ దాని ఎత్తులో మూడో వంతు దగ్గర, వెడల్పాటి మెత్తని పట్టీతో, కాండం కాస్త కదిలేలా ఎనిమిది అంకె ఆకారంలో కట్టాలి. సన్నని తీగతో గాని, నైలాన్ తాడుతో గాని ఎప్పుడూ కట్టకూడదు. సాధారణంగా ఏడాదిలోపే ఊతం తీసేయాలి.

ఎండ తీవ్రంగా ఉంటే మొదటి వేసవిలో ఎండను 50 శాతం ఆపే షేడ్‌నెట్‌ను (నీడ వలను) మధ్యాహ్నపు ఎండ వచ్చే వైపు, మొక్కకు తగలకుండా కట్టాలి. మొక్కను పూర్తిగా చుట్టేస్తే గాలి ఆడదు. లేత బెరడు ఎండకు చిట్లే జాతులకు, సమపాళ్ళలో నీరు కలిపిన తెల్లని నీటి ఆధారిత పెయింటును కాండానికి పూస్తారు. చలి దేశాల్లో శీతాకాలపు పగటి ఎండకు వేడెక్కిన బెరడు రాత్రి ఒక్కసారిగా గడ్డకట్టి పగులుతుంది, ఉత్తరార్ధగోళంలో ఈ పగుళ్ళు ఎక్కువగా నైరుతి వైపు కనిపిస్తాయి. అక్కడ కూడా ఈ పూతే పనికొస్తుంది.

మంచు గడ్డకట్టే రాత్రుల్లో మొక్కను కాపాడేది నేల నుంచి వచ్చే వేడి. అందుకే గుడ్డ కప్పినప్పుడు అది నేల దాకా దిగి ఆ వేడిని పట్టి ఉంచాలి, కాండం చుట్టూ కట్టి పైన మాత్రమే కప్పితే ఫలితం ఉండదు. ఉదయం ఎండ రాగానే తీసేయాలి. తడి నేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది కాబట్టి ముందు రోజు నీరు పోయడం మంచిది. నేలను కప్పిన ఎండుగడ్డి వేళ్ళను కాపాడుతుంది గాని నేల వేడిని పైకి రానీయదు, అందువల్ల అలాంటి రాత్రి దాన్ని తాత్కాలికంగా పక్కకు జరపడం చిగుళ్ళకు మేలు.

ఏడో దశ: పురుగులు, తెగుళ్ళు

నారుమడిలో మొలకలు నేలమట్టంలో మెత్తబడి పడిపోతే అది నారుకుళ్ళు. పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రజాతి సూక్ష్మజీవులు దానికి కారణం. ఒత్తుగా విత్తడం, అతిగా తడపడం, గాలి ఆడకపోవడం దాన్ని పెంచుతాయి కాబట్టి వాటిని సరిదిద్దితే చాలావరకు అదుపులోకి వస్తుంది. రాత్రికి రాత్రి కాండం నేల దగ్గర తెగిపడితే కాండాన్ని నేలమట్టంలో కొరికే పురుగును (కట్‌వార్మ్) అనుమానించి, అట్టముక్కను వలయంగా చుట్టి 2, 3 సెం.మీ. మట్టిలో, 5 సెం.మీ. పైన ఉండేలా పెట్టాలి. చెదలు ఎక్కువగా నీరు అందక నీరసించిన మొక్కలనే పడతాయి. అవి ఉన్న నేలలో ఎండుపుల్లలు, ఎండిన కప్పు కాండానికి తగలకుండా చూడడం, తడి సమయానికి ఇవ్వడం మందుల కన్నా ముందు చేయవలసిన పనులు. ఆకులకు పడిన కొద్దిపాటి చిల్లులకు మందు చల్లనక్కరలేదు.

ఎనిమిదో దశ: తిరిగి చూడడం, పోయినవాటి చోట మళ్ళీ నాటడం

నాటిన నెలకు, మొదటి ఎండాకాలం ముగిశాక, ఆపై ఏటా ఒకసారి ప్రతి మొక్కనూ లెక్కించి నమోదు చేయాలి. ఎండినట్టు కనిపించిన దాన్ని వెంటనే పీకివేయకూడదు. బెరడును గోటితో కాస్త గీరితే లోపల పచ్చగా ఉందంటే ప్రాణం ఉంది. పైన ఎండినా కింద పచ్చగా ఉంటే అక్కడి దాకా కోసి వదిలితే, చాలా వెడల్పాకు జాతులు మొదలు దగ్గర నుంచి కొత్త చిగురు వేస్తాయి. నిజంగా పోయిన మొక్కను మాత్రం వేళ్ళతో తీసి పరిశీలించాలి. వేళ్ళు సంచి ఆకారం దాటకపోతే లోపం నాటడంలో ఉంది, నల్లగా మెత్తబడితే నీరు ఎక్కువైంది, వేళ్ళు బాగుండి కాండం మొదలు దగ్గర బెరడు లేకపోతే అది ఎలుకల పని. కారణం తెలియకుండా అదే గుంతలో మరో మొక్క పెడితే అదీ అదే దారిన పోతుంది. ఖాళీలను మరుసటి నాటే కాలంలోనే నింపాలి. ఆలస్యమైతే పక్కన ఎదిగిన మొక్కల నీడలో కొత్తవి వెనకబడిపోతాయి.

ఈ తనిఖీల్లో తమంతట తామే మొలిచిన మొక్కలను, నరికిన మోళ్ళ నుంచి వచ్చిన పిలకలను కూడా గుర్తించాలి. నేలలో ఇప్పటికే ఉన్న వేళ్ళతో అవి ఎండను తట్టుకుంటాయి. నైజర్ దేశంలో 1980ల్లో ఆస్ట్రేలియాకు చెందిన టోనీ రినాడో, అక్కడి రైతులు కలిసి, కొత్త మొక్కలు నాటడం కన్నా పొలాల్లోని మోళ్ళ నుంచి వచ్చే పిలకల్లో బలమైనవి కొన్నింటిని ఉంచి, మిగతావి కోసి, పశువుల నుంచి కాపాడే పద్ధతిని విస్తరింపజేశారు. లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. కొనితెచ్చిన మొక్కకు ఇచ్చే పాదు, కప్పు, జాలీ అలాంటి పిలకకు కూడా ఇవ్వాలి.

తొమ్మిదో దశ: రక్షణను తీసివేయడం

పెట్టిన రక్షణను తీయడం చాలాచోట్ల మరిచిపోయే పని. ఏడాదికి రెండుసార్లు ప్రతి కట్టునూ వదులు చేయాలి, ఎందుకంటే బిగిసిన పట్టీ లావవుతున్న కాండంలో కూరుకుపోయి, జంతువు బెరడు కొరికినంత నష్టమే చేస్తుంది. చిగురు జంతువుల నోటికి అందనంత ఎత్తు దాటి, కాండం తనంతట నిలబడగలిగినప్పుడు జాలీని, గొట్టాన్ని తీయవచ్చు. గొట్టాలకు ఇది సాధారణంగా 5 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది. కొన్ని గొట్టాలు నిలువు గీత వెంట వాటంతట చీలేలా తయారవుతాయి, కానీ అన్నీ చీలవు కాబట్టి ఒక్కొక్కదాన్నీ చూసి కత్తితో పై నుంచి కిందికి కోయాలి. గొట్టం తీసిన మొక్క వంగితే కొద్ది నెలలు వదులు ఊతం ఇచ్చి, గాలికి అలవాటు పడనివ్వాలి. బెరడు తినే జంతువులు ఇంకా తిరుగుతున్న చోట వదులైన జాలీని మరికొన్నేళ్ళు ఉంచవచ్చు. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ ముక్కలై నేలలో కలవకముందే అంతా ఏరి తేవాలి. పగలని గొట్టాలను శుభ్రం చేసి తరువాతి మొక్కలకు వాడుకోవచ్చు, పగిలిన వాటిని పునర్వినియోగానికి పంపాలి. ఎన్ని గొట్టాలు, ఎన్ని జాలీలు స్థలంలోకి వెళ్ళాయో నాటిన రోజే రాసిపెట్టుకుంటే, తిరిగి వచ్చినవి సరిపోయాయో లేదో ఆ పట్టీతో సరిచూసుకోవచ్చు.